ఆరేళ్ళ పన్ను సాక్ష్యం

పిల్లకి ఆరేళ్ళు నిండే వేళకు నోట్లో ఇంచుమించు ఒకేసారి రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కింది వరుసలో ముందరి పాలపన్ను కదులుతుంది. నాలుకతో తోసి తోసి చివరికి ఊడగొట్టుకుంటుంది. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసరడం, తొర్రినవ్వును ఫొటో తీసి బంధువులకు పంపడం, అన్నీ అయిపోతాయి. రెండో సంగతి ఎవరి కంటా పడదు. పాలపళ్ళ వరుస ముగిసిన చోట, దవడ చివర, చిగురు చీల్చుకుని ఒక పెద్ద పన్ను బయటికి వస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడనక్కర్లేదు గనుక అది వచ్చినట్టే తెలియదు. తెలిసినా అదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చితే "ఊడిపోయేదేగా" అని వదిలేస్తారు. అది ఊడేది కాదు. జీవితాంతం నమలడానికి వచ్చిన శాశ్వత దంతం.

దంతవైద్యులు దాన్ని మొదటి శాశ్వత దవడపన్ను అంటారు, వాడుకలో ఆరేళ్ళ పన్ను. ఇరవై పాలపళ్ళ వరుస ముప్ఫై రెండు పళ్ళ వరుసగా ఎలా మారుతుందో మనిషి తెలుసుకున్న కథ చాలావరకు ఈ పన్ను చుట్టూ తిరిగింది. ఆ కథ నడవడానికి శతాబ్దాలు పట్టింది. పిల్లల నోళ్ళు చూసినవాళ్ళు లేక కాదు. చూసినవాళ్ళలో ఎక్కువమంది ఒక్కసారి చూసి తేల్చేశారు. అదే పిల్లని మళ్ళీ మరుసటేడు, ఆ పై ఏడు కూర్చోబెట్టి చూడాలన్న పట్టుదల చాలా ఆలస్యంగా వచ్చింది.

మన ప్రాచీన బాలవైద్య గ్రంథం కాశ్యప సంహిత. నేపాల్‌లో దొరికిన రాతప్రతి ఆధారంగా 1938లో అచ్చయింది. అందులో పళ్ళు రావడం గురించి ఒక అధ్యాయమే ఉంది. పుట్టాక ఎన్నో నెలలో పన్ను వస్తే అన్నో ఏట అది రాలి మళ్ళీ మొలుస్తుందని ఒక సూత్రం చెబుతుంది. కింది ముందరి పళ్ళకు ఇది బాగానే అతుకుతుంది: ఆరేడు నెలలకు వస్తాయి, ఆరేడేళ్ళకు ఊడతాయి. వెనక్కి పోయేకొద్దీ లెక్క తప్పుతుంది. రెండేళ్ళు దాటాక వచ్చే పాల దవడపన్ను ఊడేది పదకొండేళ్ళ ప్రాంతంలో. ఆ గ్రంథంలోనే ఇంకో లెక్క ఉంది: 32 పళ్ళలో 8 ఒక్కసారే పుడతాయి, తక్కిన 24 రెండుసార్లు. నిజానికి రెండుసార్లు పుట్టేవి 20, ఒక్కసారే పుట్టేవి 12. నాలుగు పళ్ళు ఎక్కడ తేడా వచ్చాయో చూస్తే సరదాగా ఉంటుంది. నోటిని నాలుగు భాగాలు చేస్తే ప్రతి భాగంలోనూ ఒక పన్ను ఎక్కువ రాలినట్టు లెక్కపడింది. నడిమి నుంచి వెనక్కి లెక్కపెడితే, ఐదు పాలపళ్ళ తర్వాత ఉండే ఆరోది ఆరేళ్ళ పన్నే. ఈనాటి తల్లిదండ్రుల పొరపాటుకు అంత పాత వంశవృక్షం ఉందనుకోవచ్చు.

రోమ్‌లో క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రచయిత సెల్సస్ ఇంకో చిక్కును చూశాడు. పాలపన్ను ఊడకుండానే దాని వెనక కొత్త పన్ను వచ్చేస్తే ఏం చెయ్యాలి? పాతదాన్ని పీకెయ్యమన్నాడు, కొత్తదాన్ని దాని చోటికి వచ్చేదాకా రోజూ వేలితో నెట్టమన్నాడు. కింది ముందరి శాశ్వత దంతాలు పాలపళ్ళకు వెనక, నాలుక వైపున తయారవుతాయి కాబట్టి ఈ రెండు వరుసల దృశ్యం ఇవాళా చాలా ఇళ్ళలో కనిపిస్తుంది, అమ్మానాన్నలు హడలిపోతారు. పాలపన్ను ఊడితే చాలాసార్లు వేలి పని నాలుకే చేసేస్తుంది.

మరి కొత్త పన్ను ఎక్కణ్ణుంచి వస్తుంది? స్వయంగా శవాలను కోసి, ప్రాచీన వైద్యుడు గాలెన్ చెప్పిన తప్పుల్ని వరసగా దిద్దిన వెసేలియస్ కూడా 1543లో ఇక్కడ పొరబడ్డాడు. పాలపన్ను రాలాక లోపల మిగిలిపోయిన వేరు నుంచే రెండో పన్ను ఎదుగుతుందనుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఊడిన పాలపన్నును చేతిలోకి తీసుకుంటే దానికి వేరు ఉండదు, లోపలే విరిగిపోయిందనిపిస్తుంది. కింద నుంచి శాశ్వత దంతం పైకి వస్తుంటే పాలపన్ను వేరు మెల్లగా కరిగిపోతుందన్న సంగతి చూపుకు అందేది కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1563లో, ఇటలీలో యుస్టాకియో పళ్ళ మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. గర్భంలో చనిపోయిన శిశువుల దవడలు తెరిచి చూసి, పాలపళ్ళ మొలకల వెనక పల్చటి గోడ అవతల రెండో జట్టు మొలకలు వేరే ఉన్నాయని చూపించాడు. అంటే బిడ్డ ఇంకా పుట్టక ముందే రెండు వరుసల పని మొదలై ఉంటుంది.

మొలకలు ఉన్నాయి సరే, చోటు ఎక్కడిది? ఈ ప్రశ్నను సరిగ్గా పట్టుకున్నది లండన్ సర్జన్ జాన్ హంటర్. ఆయన పళ్ళ ప్రకృతి చరిత్ర 1771లో వెలువడింది. వేర్వేరు వయసుల పిల్లల కింది దవడలను పక్కపక్కన పెట్టి కొలిచాడు. గడ్డం నడిమి నుంచి ఆరో పన్ను దాకా ఉన్న పొడవు ఏడాది వయసు తర్వాత పెరగదని తేల్చాడు. పెరిగేదంతా ఆ వెనకే. దవడ అన్ని వైపులా సమంగా సాగుతుందనుకునేవాడికి ఇది మింగుడుపడని మాట.

రుజువు రంగులో దొరికింది. 1736లో జాన్ బెల్చియర్ అనే సర్జన్ ఒక బట్టల అద్దకందారు ఇంట్లో భోంచేస్తూ, పళ్ళెంలో పంది ఎముకలు ఎర్రగా ఉండటం గమనించాడు. ఆ పందులు అద్దకపు తొట్లలో మిగిలిన మంజిష్ఠ జాతి వేరు కలిసిన తవుడు తిన్నాయట. (బందరు కలంకారీ ఎరుపుకు ఆధారమైన చిరివేరుదీ అదే మొక్కల కుటుంబం.) ఆ రంగు మేసిన రోజుల్లో కొత్తగా ఏర్పడే ఎముకే ఎర్రబడుతుంది, పాతది తెల్లగానే ఉంటుంది. హంటర్ ఈ కిటుకుతో పందుల ఎముకలు చూశాడు. కింది దవడ వెనక అంచున కొత్త ఎముక చేరుతోంది, ముందు అంచున పాత ఎముక అరిగి పోతోంది. నిలువు కొమ్మలాంటి ఆ భాగం అలా వెనక్కి వెనక్కి జరుగుతూ దాని ముందు ఖాళీ వదులుతోంది. ఆ ఖాళీలోకే ఆరేళ్ళ పన్ను, తర్వాత పన్నెండేళ్ళ పన్ను, ఆఖరికి జ్ఞానదంతం వచ్చి కూర్చుంటాయి. ముందరి పది పళ్ళకు మాత్రం ఉన్న చోటే గతి.

హంటర్ పేరు చెప్పినప్పుడు ఇంకో సంగతి దాటవేయడం న్యాయం కాదు. బతికున్న మనిషి పన్ను పీకి ఇంకొకరి చిగురులో నాటే పద్ధతిని ఆయన ప్రోత్సహించాడు. ఆ పళ్ళు వచ్చేది డబ్బు అవసరమైన పేదపిల్లల నోళ్ళ నుంచే. 1787లో రోలాండ్‌సన్ గీసిన వ్యంగ్యచిత్రంలో పొగగొట్టాలు తుడిచే కుర్రాడి పన్ను ఒక సంపన్నురాలి కోసం ఊడుతూ ఉంటుంది. పిల్లల పళ్ళకు అప్పటికే బజారులో వెల ఉంది. ఇంకో యాభై ఏళ్ళకు వాటికి ఇంకో విలువ వచ్చింది.

1833లో బ్రిటన్ ఫ్యాక్టరీ చట్టం చేసింది. పట్టు మిల్లులు మినహా బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోకూడదు. తొమ్మిది నుంచి పదమూడు లోపువాళ్ళ చేత రోజుకు తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు. చట్టం బాగానే ఉంది, పిల్లవాడి వయసు చెప్పేదెవరు? ఇంగ్లండ్‌లో ప్రభుత్వం జననాల నమోదు మొదలుపెట్టిందే 1837 జులై 1న. అంతకుముందు చర్చిలో బాప్తిస్మం రాసుకుంటే రాసుకున్నట్టు, లేకపోతే లేదు. కూలి డబ్బు కావలసిన తండ్రికి కొడుకు వయసు ఎక్కువ కావాలి, చిన్న వేళ్ళు కావలసిన మిల్లు యజమానికీ అంతే. అబద్ధం ఆడకపోతే నష్టపోయేవాళ్ళే గాని ఆడితే నష్టపోయేవాళ్ళు లేరు, ఆ పిల్లవాడు తప్ప. అందుకని చట్టం ఒక డాక్టరును మధ్యలో పెట్టింది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఉండే మామూలు బలం, వాలకం ఉన్నాయని ఆయన రాసిస్తే చాలు. వాలకం చూసి వయసు రాయడమంటే ఏ డాక్టరు ఇష్టం ఆ డాక్టరుదే. ఎత్తు కొలిచి చూశారు, కానీ తిండి లేక గిడసబారిన మిల్లు పిల్లలకూ కడుపునిండా తినే పిల్లలకూ ఒకే బద్ద ఎలా పనికొస్తుంది?

1836లో ఆంథొనీ టాడ్ థామ్సన్ అనే వైద్యుడు లండన్ విశ్వవిద్యాలయంలో న్యాయవైద్యం పాఠాలు చెబుతూ ఒక దారి చూపాడు. అప్పటి ఇంగ్లిష్ చట్టం ప్రకారం ఏడేళ్ళు నిండని పిల్లలకు నేరం అంటదు. ఆరేళ్ళ పన్ను ఇంకా చిగురు దాటకపోతే ముద్దాయికి ఏడేళ్ళు నిండలేదని సందేహించకుండా చెప్పొచ్చన్నాడు. ఒక పన్ను రావడం, రాకపోవడం మీద పిల్లవాడికి శిక్ష పడటం, పడకపోవడం ఆధారపడిందన్నమాట.

మరుసటేడే ఎడ్విన్ సాండర్స్ అనే యువ దంతవైద్యుడు ఫ్యాక్టరీ పిల్లల గురించి, పళ్ళే వయసుకు గీటురాయి అంటూ పార్లమెంటు ఉభయ సభలకు ఒక పుస్తకం సమర్పించాడు. వెయ్యికి పైగా పిల్లల నోళ్ళు చూశానన్నాడు. వాళ్ళలో తొమ్మిదేళ్ళవాళ్ళు 708 మంది. పళ్ళను బట్టి 530 మందికి సరిగ్గా తొమ్మిదేళ్ళే తేలాయి. ఇంకో 126 మందికి ఎనిమిదిన్నర, మిగిలిన 52 మందికి ఎనిమిది. అంటే ఎంత తప్పినా ఏడాదికి మించి తప్పలేదు. పదమూడేళ్ళ ప్రాయం పిల్లలు 338 మందిలో 294 మంది విషయంలో లెక్క కుదిరింది. ఇందులో ఆయన కాస్త ఉదారంగా నడుచుకున్న మాట నిజం. నాలుగు పళ్ళ జట్టులో మూడు పూర్తిగా వస్తే నాలుగోదీ వచ్చినట్టే రాసుకున్నాడు, ఆ సడలింపు లేకపోతే 530 కాస్తా 389కి దిగేది. అయినా మూల విషయంలో సాండర్స్ చెప్పింది నిలబడింది. ఆకలి ఎత్తును కుంగదీసినంతగా పళ్ళ రాకను ఆపలేదు. నోరు తెరిపిస్తే తండ్రి చెప్పిన అబద్ధం దొరికిపోతుంది.

ఆ పరీక్షతో మిల్లుల్లో అన్యాయం ఆగిందనుకుంటే పొరపాటు. చట్టమే 1844లో వయసు హద్దును ఎనిమిదికి దించి, దానికి బదులు చిన్నపిల్లల పనిగంటలు తగ్గించింది. యజమానుల ఆశకు తగ్గట్టు పిల్లల వయసును సర్టిఫికెట్ రాసే డాక్టర్లే సర్దేశారని మార్క్స్ ఎత్తిపొడిచాడు. సాండర్స్ మాత్రం విక్టోరియా రాణికి దంతవైద్యుడై, 1883లో సర్ బిరుదు పొందాడు. దంతవైద్యుల్లో ఆ బిరుదు మొదట దక్కింది ఆయనకే.

వయసు తేల్చే ఈ చిక్కు ఓడెక్కి ఇక్కడికీ వచ్చింది. 1881 నాటి భారత ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ళలోపు పిల్లల్ని నిషేధించింది, ఏడు నుంచి పన్నెండు దాకా రోజుకు తొమ్మిది గంటలకు ఒప్పుకుంది. 1891 సవరణతో హద్దు తొమ్మిదేళ్ళయింది, పనిగంటలు ఏడుకు తగ్గాయి. 1860 నాటి శిక్షాస్మృతిలో 82వ సెక్షన్ కూడా ఏడేళ్ళలోపు పిల్లలు చేసింది నేరం కాదంది. పుట్టినరోజు తిథి, నక్షత్రాలతో గుర్తుండే దేశంలో, కాగితం మీద తేదీ లేని జనమే అప్పట్లో ఎక్కువ. 1920లో జైసింగ్ మోదీ రాసిన న్యాయవైద్య గ్రంథం తరాల తరబడి మన వకీళ్ళ బల్లల మీద, వైద్య విద్యార్థుల చేతుల్లో ఉంది. ఏ పన్ను ఏ వయసుకు వస్తుందో చెప్పే పట్టిక అందులో తప్పనిసరి.

వయసు తేల్చడానికి నోరు ఒక్కసారి తెరిస్తే చాలు. పలువరుస ఎలా మారుతుందో చెప్పడానికి అది చాలదు. ఆ తేడా తెలియక ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం పెద్ద తగాదాతో గడిచింది. అమెరికాలో ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో వంకర పలువరుసలను మూడు తరగతులుగా విడదీశాడు. కొలమానం మళ్ళీ ఆరేళ్ళ పన్నే. పై పన్ను, కింది పన్ను ఒకదానికొకటి ఎలా ఆనాయన్న దాన్ని బట్టి తరగతి. ఇవాళ క్లిప్పులు వేసే ప్రతి డాక్టరూ రాసుకునే మొదటి మాట అదే. అయితే ఏ నోట్లోనైనా అన్ని పళ్ళకూ చోటు చెయ్యొచ్చని, వరుసను వెడల్పు చేస్తే ఎముక దానంతటదే వస్తుందని ఆంగిల్ గట్టిగా నమ్మాడు. ఆయన శిష్యుడు చార్ల్స్ ట్వీడ్ గురువు దారిలోనే సరిచేసిన పళ్ళు మళ్ళీ ఎగుడుదిగుడు కావడం చూసి, అవసరమైన చోట నాలుగు పళ్ళు తీసి మళ్ళీ సరిచేశాడు. ముందరి భాగంలో కొత్త చోటు పుట్టదని హంటర్ చెప్పి అప్పటికి నూట అరవై ఏళ్ళు దాటింది.

తగాదాను తీర్చడానికి కొలతలు కావాలి, అవీ ఒకే పిల్లవాడివి. క్లీవ్‌లాండ్‌లో హోలీ బ్రాడ్‌బెంట్ తలను కదలకుండా పట్టి ఉంచే ఎక్స్‌రే పరికరాన్ని 1931లో ప్రకటించాడు. బోల్టన్ కుటుంబం డబ్బుతో ఆరోగ్యంగా ఉన్న పిల్లలనే ఏటేటా పిలిపించి చిత్రాలు తీశాడు. తర్వాత మిషిగన్‌లో, అయోవాలో, టొరంటో దగ్గరి బర్లింగ్టన్‌లో ఇలాంటి పనులే సాగాయి. కోపెన్‌హేగెన్‌లో ఆర్నె బ్యోర్క్ ఇంకో అడుగు వేసి పిల్లల దవడ ఎముకల్లో సన్నటి లోహపు పుల్లలు గుచ్చి, వాటిని గుర్తుగా పెట్టుకుని ఎదుగుదలను కొలిచాడు. ఆయన 1955 వ్యాసం హంటర్ పందుల ప్రయోగానికి మనుషుల్లో దొరికిన జవాబు. ఏ జబ్బూ లేని పిల్లలకు ఏటా ఎక్స్‌రేలు, ఎముకలో పుల్లలు! ఇవాళ ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే సరైంది. కానీ మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ పిల్లల దగ్గర్నుంచే వచ్చింది.

ఇలాంటి కొలతల నుంచి తేలిన లెక్క ఇది. పై వరుసలో ముందు వచ్చే నాలుగు శాశ్వత దంతాలు, అవి తోసేసిన నాలుగు పాలపళ్ళ కన్నా మొత్తం మీద 7.6 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు. కింది వరుసలో తేడా 6 మిల్లీమీటర్లు. ఈ లోటు మూడు విధాలుగా పూడుతుంది. పాలపళ్ళ మధ్య ముందే ఉన్న సందులు కొంత ఇస్తాయి. కోరపళ్ళ మధ్య దూరం ఆ వయసులో సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కొత్త పళ్ళు పాలపళ్ళలా నిటారుగా కాక కాస్త ముందుకు వాలి వస్తాయి. నాలుగేళ్ళ పిల్ల పళ్ళ మధ్య సందులు చూసి బెంగపడే తల్లికి చెప్పాల్సిన మాట ఇదే: ఆ సందులు లేకపోతేనే బెంగ. పాలపళ్ళు దగ్గరగా వచ్చిన వరుసలో సందులు తర్వాత వాటంతటవి ఏర్పడవని స్విట్జర్లాండ్‌కు చెందిన లూయీ బౌమ్ 1950లో చూపించాడు.

ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు పై ముందరి పళ్ళు విసనకర్రలా విచ్చుకుని నడిమి సందుతో వికారంగా కనిపించే దశకు బ్రాడ్‌బెంట్, అండర్సన్ కథలోని బాతుపిల్ల పేరు పెట్టాడు. ఎక్స్‌రేలో కారణం కనిపించింది. ఇంకా చిగురులోనే ఉన్న కోరపళ్ళు పక్కపళ్ళ వేళ్ళను నడిమికి నొక్కుతుంటే వాటి తలలు బయటికి విచ్చుకుంటున్నాయి. పదకొండు, పన్నెండేళ్ళకు కోరపళ్ళు దిగివచ్చాక చాలామందిలో ఆ సందు దానంతటదే మూసుకుంటుంది. ఆ దశలో తొందరపడి తీగ బిగిస్తే, దిగుతున్న కోరపన్నుకు పక్కపన్ను వేరు అడ్డం తగిలి అరిగే ప్రమాదం ఉంది.

వెనక భాగంలో లెక్క తిరగబడుతుంది. పాల దవడపళ్ళు, వాటి స్థానంలో వచ్చే శాశ్వత దంతాల కన్నా పెద్దవి. పాసడెనాలో హేస్ నాన్స్ 1947లో ఈ మిగులును కొలిచాడు: కింది దవడలో ఒక్కో పక్క సగటున 1.7 మిల్లీమీటర్లు, పై దవడలో 0.9. ఆ చోటు ముందరి వంకర పళ్ళకు దక్కుతుందనుకుంటాం. చాలావరకు ఆరేళ్ళ పన్నే ముందుకు జరిగి కాజేస్తుంది. కింది మిగులు ఎక్కువ గనుక కింది పన్ను ఎక్కువ జరుగుతుంది, అలా పైదీ కిందిదీ ఆంగిల్ చెప్పిన సరైన భంగిమలోకి వస్తాయి. కాబట్టి పిల్లవాడు ఎదిగేకొద్దీ పలువరుస చుట్టుకొలత పెరగకపోగా తగ్గుతుంది. హార్వర్డ్‌లో పనిచేసిన కూన్‌రాడ్ మూరీస్ 1959లో అచ్చేసిన గ్రంథంలో పెట్టిన కొలతలు చెప్పేదీ ఇదే: కింది వరుస ఐదారేళ్ళప్పటి కన్నా పద్దెనిమిదేళ్ళకు కొన్ని మిల్లీమీటర్లు చిన్నదవుతుంది.

అందుకే "పాలపన్నేగా" అని ఏడేళ్ళకే పుచ్చిన దవడపన్ను పీకించేస్తే నష్టం. పక్కవాడు లేవగానే బస్సులో సీటులోకి జరిగినట్టు, ఆరేళ్ళ పన్ను ముందుకు జరిగి కూర్చుంటుంది. మూడు నాలుగేళ్ళ తర్వాత అక్కడికి రావాల్సిన పన్ను దారి లేక చిగురులోనే ఇరుక్కుంటుంది, లేదా పక్కకు మొలుస్తుంది. ఆ చోటును కాపాడటానికి ఆరేళ్ళ పన్నుకు చుట్టి పెట్టే చిన్న తీగ ఉచ్చు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోని దంత వైద్యశాలల్లోనూ దొరుకుతుంది.

రాబోయే పళ్ళకు చోటు చాలుతుందా లేదా అని ముందే చెప్పడానికి 1974లో క్లీవ్‌లాండ్ ప్రాంతంలోని 506 మంది కొలతలతో తనాకా, జాన్‌స్టన్ ఒక సులువు సూత్రం కట్టారు. కింది నాలుగు ముందరి పళ్ళ వెడల్పు కలిపి, సగం చేసి, కింది దవడకైతే 10.5, పై దవడకైతే 11 మిల్లీమీటర్లు కలిపితే ఒక్కో పక్క రాబోయే పళ్ళ వెడల్పు తేలుతుంది. హైదరాబాదులో అయినా విజయవాడలో అయినా దంత కళాశాల విద్యార్థి నేర్చుకునేది ఆ సూత్రమే. భారతీయ పిల్లల నోళ్ళలో చేసిన చాలా పరిశీలనల్లో అది అసలు కన్నా ఎక్కువ వెడల్పు చూపింది, సూత్రం కోసం కొలిచినవాళ్ళలో ఎక్కువమంది యూరప్ సంతతివాళ్ళు కావడం దానికి ఒక కారణం. ఆ సూత్రాన్ని యథాతథంగా నమ్మితే చోటు ఉన్న నోట్లో లేదనిపిస్తుంది, తీయక్కర్లేని పన్ను మీద పటకారు పడే ప్రమాదమూ ఉంది. అందుకని మన పిల్లల అచ్చులు తీసి 10.5 బదులు ఎంత కలపాలో ఇక్కడి పరిశోధకులు ప్రాంతాల వారీగా మళ్ళీ లెక్కలు కడుతున్నారు.